ఇంటి గడియారం, ఒంటి గడియారం

ఈసారి ఉత్తరం రాసిన పాఠకురాలి వయసు 36. ఇంటి నుంచే ఉద్యోగం. ఇంట్లో భర్త, ఏడేళ్ళ పాప, అత్తగారు. భర్త రాత్రి పదికల్లా పడుకుని తెల్లవారుజామున ఐదుకు లేస్తారు. అత్తగారు ఆయన కంటే ముందే. ఈమె కూడా పదికే పక్క ఎక్కుతారు, లేకపోతే ‘ఇంకా ఏం చేస్తున్నావు’ అన్న ప్రశ్న వస్తుంది. కానీ ఒంటిగంటన్నర దాకా కన్ను మూతపడదు. పక్కన గురక, చేతిలో ఫోను. పాపను బడికి పంపాలి కాబట్టి ఆరున్నరకు అలారం పెట్టుకుని లేవక తప్పదు. శనివారం మాత్రం రాత్రి రెండింటి దాకా టీవీ ముందే కూర్చుని, అప్పుడు పడుకుంటే ఐదు నిమిషాల్లో నిద్ర పడుతుంది. ఆదివారం లేచేసరికి పదిన్నర. ‘ఇల్లాలు ఇంత పొద్దెక్కేదాకా పడుకోవడమేమిటో’ అని అత్తగారు ఎదురుగా అనరు, వినబడేలా అంటారు.

ఇది మొదలై ఎనిమిది నెలలు. పాప బడి వేళ గంట ముందుకు జరిగినప్పటి నుంచీ ఇంతే. స్నేహితురాళ్ళ ఫోన్లు ఎత్తడం మానేశారు. ఎవరైనా రమ్మంటే సరేనని, చివరి నిమిషంలో ‘ఒంట్లో బాగాలేదు’ అని మెసేజ్ పెడుతున్నారు. పాప మీద అరవడం, తర్వాత ఒక్కరే కూర్చుని ఏడవడం. భర్తతో మాటా మాటా పెరిగేది కూడా సరిగ్గా పక్క ఎక్కే వేళకే. ఆయన పని మీద నాలుగు రోజులు ఊరెళ్ళినప్పుడు పన్నెండింటికల్లా నిద్ర పట్టిందట. వేరే గదిలో పడుకుంటానంటే ‘విడిపోయినవాళ్ళలా ఏమిటిది’ అని ఆయన నొచ్చుకున్నారు. తెలిసినావిడ ఒకరు తను వాడే నిద్రమాత్రలు పది ఇచ్చారు, ఈమె ఇంకా వేసుకోలేదు. అడిగినవి నాలుగు: దిగులు వల్ల నిద్ర పోయిందా, నిద్ర లేక దిగులు వచ్చిందా? పక్కలు వేరు చేసుకోవడం తప్పా? మాత్ర వేసుకోవచ్చా? నేను నిజంగానే బద్ధకస్తురాలినా?

మీ నాలుగు ప్రశ్నలకూ వస్తాను. అంతకంటే ముందు, మీరు ఏదో మాటవరసకు రాసి దాటేసిన రెండు వాక్యాల దగ్గర ఆగాలి.

మొదటిది: ‘ఒక్కోసారి పొద్దున్నే లేవకుండా అలాగే ఉండిపోతే బాగుండుననిపిస్తుంది.’ దీనికి రెండు అర్థాలు ఉండవచ్చు. ఒళ్ళు అలిసిపోయి ఇంకో నాలుగు గంటలు పడుకోవాలనిపించడం ఒకటి. బతకాలని లేకపోవడం రెండోది. ఏది మీదో మీకే తెలుస్తుంది కాబట్టి దాచుకోకుండా మిమ్మల్ని మీరే అడగండి: చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా? ఎలా అన్నంత వరకూ వెళ్ళిందా? జవాబు అవును అయితే ఈ కింద రాసినదంతా తర్వాత చదవచ్చు. ఈరోజే ఇంట్లో ఒకరికి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పండి, ఒంటరిగా ఉండకండి, మీరున్న చోట అందుబాటులో ఉన్న అత్యవసర వైద్య సేవకు గానీ మానసిక వైద్యుడికి గానీ వెంటనే ఫోన్ చేయండి. ఎవరో ఇచ్చిన ఆ పది మాత్రలూ ఇంట్లోంచి బయటికి పంపేయండి. జవాబు కాదు అయినా ఒక సంగతి తెలిసి ఉండటం మంచిది. ఆ వేళకు మేలుకుని ఉన్నవారి లెక్కన చూస్తే అర్ధరాత్రి దాటాక ఆత్మహత్యలు ఎక్కువగా జరుగుతున్నాయని అమెరికా గణాంకాల మీద 2016లో వచ్చిన విశ్లేషణ తేల్చింది. ఆ గంటల్లో మెదడు చెడును పెద్దది చేసి చూపిస్తుంది. దాన్ని సర్దిచెప్పే శక్తి అప్పుడు తక్కువ. రాత్రి ఒంటిగంటకు మీ బతుకు గురించి మీరు చేసుకునే తీర్మానాలేవీ చెల్లవని ముందే ఒక నియమం పెట్టుకోండి.

రెండో వాక్యం మీ వారి గురించి: ‘గురక మధ్యలో ఆగిపోయి, కాసేపటికి ఒక్కసారిగా ఎగశ్వాసతో మళ్ళీ మొదలవుతుంది.’ ఇది మీకు నిద్రాభంగం మాత్రమే కాదు, ఆయనకు జబ్బు కావచ్చు. స్లీప్ యాప్నియా అంటారు. గొంతు వెనక కండరాలు వదులై గాలి దారి మూసుకుపోవడం, రక్తంలో ఆక్సిజన్ తగ్గడం, మెదడు ఉలిక్కిపడి లేపడం, రాత్రంతా ఇదే వరస. ఆ మనిషికి తెల్లారాక ఏదీ గుర్తుండదు. గంటకు ఇలాంటివి 5 దాటితే జబ్బు కింద లెక్క, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. వదిలేస్తే రక్తపోటు పెరుగుతుంది, గుండెకు ముప్పు, పగలు బండి నడుపుతూ తూగే ప్రమాదం, దిగులు కూడా. ఆయన అనుమతి అడిగి ఒక రాత్రి రెండు మూడు నిమిషాల శబ్దం ఫోన్‌లో రికార్డు చేయండి. డాక్టరుకు అది వినిపిస్తే పరీక్ష రాయించుకోవడం సులువు. ఇంట్లోనే ఒక రాత్రి చేసే పరీక్షలూ ఉన్నాయి. ఈలోగా వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవడం, మద్యం అలవాటుంటే రాత్రిపూట మానడం కొంత పనిచేస్తాయి. ఈ మాట ఆయనకు చెప్పే తీరు కూడా ముఖ్యమే. ‘మీ గురక వల్ల నాకు నిద్ర లేదు’ అంటే అది నేరారోపణ. ‘మీకు ఊపిరి ఆగుతోంది, నాకు భయమేస్తోంది’ అంటే నిజమూ అదే, వినబుద్ధీ వేస్తుంది.

ఇక బద్ధకం సంగతి. మీ ఉత్తరంలోనే జవాబు ఉంది. పదికి పడుకుంటే మూడున్నర గంటలు నిద్ర రాదు. రెండింటికి పడుకుంటే ఐదు నిమిషాల్లో వస్తుంది. భర్త లేని రోజుల్లో పన్నెండుకే వచ్చింది. మూడూ కలిపి చూడండి. మీ ఒంటి గడియారం, అంటే నిద్ర, మెలకువల వేళలను నడిపే లోపలి లయ, నిద్రకు తలుపు తీసేది దాదాపు పన్నెండు, పన్నెండున్నరకు. దానికంటే ముందు ఎంత ప్రయత్నించినా వృథా. మామూలుగా నిద్రపోయే వేళకు రెండు మూడు గంటల ముందు మెదడు అన్నిటికంటే గట్టిగా మేలుకుని ఉంటుంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త పెరెట్జ్ లావీ 1986లోనే దాన్ని నిద్రకు నిషిద్ధ సమయం అన్నారు. మీరు రోజూ సరిగ్గా ఆ వేళకే పక్క ఎక్కుతున్నారు. ఆపైన పన్నెండున్నర నుంచి ఒంటిగంటన్నర దాకా పోయే గంట మాత్రం గడియారం తప్పు కాదు. గురక, ఫోను, ‘ఇంకా రాలేదే’ అన్న ఆత్రం కలిసి దాన్ని తినేస్తున్నాయి.

ఒకరు కోడికూత వేళకు లేవడం, ఒకరు రాత్రి చురుగ్గా ఉండటం చాలావరకు పుట్టుకతో వచ్చేవి. దాదాపు 7 లక్షల మంది జన్యువులను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, పొద్దున్నే లేచే స్వభావంతో ముడిపడిన చోట్లు జన్యుపటంలో 351 దొరికాయి. వయసు కూడా పనిచేస్తుంది. ఇరవై ఏళ్ళ ప్రాంతంలో అందరి గడియారమూ బాగా వెనక్కి జరిగి, ఆ తర్వాత ఏటేటా ముందుకు వస్తుంది. మీ అత్తగారు నాలుగున్నరకు లేవడంలో క్రమశిక్షణ ఎంతో వయసు కూడా అంతే. తెల్లవారుజామున లేచినవారు రాత్రి తొమ్మిదికి తూగితే ఎవరూ బద్ధకం అనరు. రాత్రి పని చేసుకుని పొద్దున్న ఆలస్యంగా లేస్తే అంటారు. పడుకున్న గంటలు సమానమైనా సరే. అయితే ఈ పుట్టుక మాటను మరీ చంకనెత్తుకోకండి. గడియారాన్ని ఒక గంటో గంటన్నరో ముందుకు జరపడం చాలామందికి సాధ్యమే.

‘ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అన్న సామెత సగమే నిజం. మేలుకుని ఉన్న ప్రతి గంటకూ మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పోగై నిద్ర ఒత్తిడి పెరుగుతుంది, అంతవరకు సామెత సరే. కానీ ఆ ఒత్తిడి ఒక్కటే చాలదు, గడియారం కూడా ఒప్పుకోవాలి. ఈ రెండింటి లెక్కను స్విట్జర్లాండ్‌కు చెందిన అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో వివరించారు. ఆదివారం పదిన్నరకు లేచి, ఆ రాత్రి పదికి పడుకుంటే ఒత్తిడి పోగవడానికి పదకొండున్నర గంటలే దొరికాయి. సోమవారం మీకు అన్నిటికంటే దారుణంగా ఉంటుందని రాశారు, కారణం ఇదే.

మీ అంకెలతోనే ఇంకో లెక్క. మామూలు రోజుల్లో మీ నిద్ర ఒంటిగంటన్నర నుంచి ఆరున్నర, నడిమి బిందువు 4 గంటలు. ఆదివారం రెండు నుంచి పదిన్నర, నడిమి బిందువు 6.15. తేడా రెండుంపావు గంటలు. జర్మనీలో టిల్ రోనెబెర్గ్ బృందం 2006లో దీనికి సోషల్ జెట్‌లాగ్ అని పేరు పెట్టింది. లోకం వేళలకూ ఒంటి వేళలకూ మధ్య అంతరం అన్నమాట. ప్రతి శనివారం రెండు గంటల తేడా ఉన్న దేశానికి విమానంలో వెళ్ళి సోమవారం తిరిగొచ్చినంత అలసట మీది. ఊరు కదలకుండానే.

దిగులు ముందా, నిద్రలేమి ముందా? మీ విషయంలో తారీఖులు స్పష్టంగా ఉన్నాయి. బడి వేళ మారింది, నిద్ర తగ్గింది, దాన్ని పూడ్చుకోవడానికి ముందే పక్క ఎక్కడం మొదలుపెట్టారు, పక్క అంటే మేలుకుని దొర్లే చోటని మెదడు నేర్చుకుంది, ఆ తర్వాత మనసు కుంగింది. నిద్రలేమి ఉన్నవారికి తర్వాతి కాలంలో డిప్రెషన్ వచ్చే అవకాశం లేనివారికంటే సుమారు రెట్టింపని 21 అధ్యయనాలను కలిపి చూసిన 2011 నాటి విశ్లేషణ చెబుతోంది. కానీ ఇప్పుడు ఏది ముందన్నది తేల్చుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఒకటి రెండోదాన్ని పోషిస్తోంది కాబట్టి రెంటికీ ఒకేసారి చికిత్స కావాలి. ‘ముందు నిద్ర బాగుపడనీ, మనసు సంగతి తర్వాత’ అని వాయిదా వేయకండి. పీహెచ్‌క్యూ-9 అనే, డిప్రెషన్‌ను అంచనా వేసే తొమ్మిది ప్రశ్నల పట్టిక చాలామంది డాక్టర్ల దగ్గర ఉంటుంది. గత రెండు వారాల మీద ప్రతి ప్రశ్నకూ 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నిపుణుడు చూడాల్సిందే. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచనల గురించే. దానికి సున్నా తప్ప ఏం వచ్చినా మొత్తంతో పనిలేకుండా చెప్పాలి. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు కూడా ఆ చేత్తోనే చేయించుకోండి.

స్నేహితురాళ్ళ విషయంలో మీరు ‘నాకు జనం అంటేనే విసుగు పుట్టింది, మారిపోయాను’ అని రాశారు. మారింది మీ స్వభావం కాకపోవచ్చు. నిద్ర పరిశోధకులు ఎటీ బెన్ సైమన్, మాథ్యూ వాకర్ 2018లో ప్రచురించిన ప్రయోగంలో ఒక రాత్రి నిద్ర లేనివారు ఎదుటి మనిషి దగ్గరికి వస్తుంటే మామూలుకంటే ఎక్కువ దూరంలోనే ‘ఆగు’ అన్నారు. వారి వీడియోలు చూసిన అపరిచితులు, ఎవరు నిద్రపోయారో ఎవరు లేదో తెలియకుండానే, నిద్ర లేనివారిని ఒంటరివారిగా గుర్తించారు, వారితో కలవడానికి అంతగా ఇష్టపడలేదు. అంటే మీరు వెనక్కి తగ్గుతారు, అది చూసి వాళ్ళూ తగ్గుతారు, ‘చూశావా, నేనెవరికీ అక్కర్లేదు’ అని మీకనిపిస్తుంది. ఆ రుజువు నిద్రలేమి తయారు చేసింది. ఆ ప్రయోగం రాత్రంతా మేలుకున్నవారి మీద జరిగింది, మీది రోజుకు రెండు గంటల లోటు, కాబట్టి అచ్చం అంతే అనలేం. దిశ మాత్రం అదే.

పక్క ఎక్కే వేళ తగాదాలకూ ఇలాంటి లెక్కే ఉంది. అమీ గోర్డన్, సెరెనా చెన్ అనే పరిశోధకులు జంటల మీద చేసిన అధ్యయనంలో, ఇద్దరిలో ఒక్కరికి నిద్ర సరిగా లేకపోయినా వాదన చేదుగా సాగింది, ఎదుటివారి మనసులో ఏముందో పసిగట్టడంలో ఇద్దరూ తప్పారు. మీకు నిద్ర లోటు, ఆయనకు కళ్ళు మూతలు పడే వేళ. ఇంతకంటే చెడ్డ ముహూర్తం తర్కానికి దొరకదు. రాత్రి తొమ్మిది తర్వాత ఇంటి సమస్యలేవీ ఎత్తకూడదని ఇద్దరూ ఒప్పందం చేసుకోండి. ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక మాట్లాడుకోండి. ఈ ఉత్తరంలోని సంగతులు కూడా అప్పుడే.

ఇక చేయగలిగినవి. దారులు మూడు కనిపిస్తున్నాయి, ఒకదానితో ఇంకోటి కలుపుకోవచ్చు.

మొదటిది నెమ్మది దారి. పడుకునే వేళను పట్టించుకోకుండా లేచే వేళను మాత్రం కట్టిపడేయడం. రోజూ ఆరున్నర, ఆదివారం ఏడున్నర దాటకుండా. లేచిన గంటలోపు అరగంట ఆరుబయట వెలుతురులో ఉండాలి. వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. ఇంట్లో దీపాల వెలుగు వందల లక్స్‌లో ఉంటే, మబ్బు పట్టిన రోజున కూడా బయట వేలల్లో ఉంటుంది, కిటికీ పక్కన కూర్చోవడం దానికి సాటి రాదు. పొద్దుటి వెలుగు గడియారాన్ని ముందుకు జరుపుతుంది, రాత్రి వెలుగు వెనక్కి. అందుకని రాత్రి పది నుంచి పెద్ద లైట్లు ఆపి చిన్న దీపం పెట్టుకోండి. సాయంత్రం ఐదింటి కాఫీ మానాలి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే ఐదారు గంటలు పడుతుంది, అందుకే మధ్యాహ్నం రెండు తర్వాత వద్దు. ఈ దారిలో ఇంట్లో ఎవరితోనూ గొడవ ఉండదు, ప్రమాదం లేదు. ఫలితం కనబడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, మొదటి రెండు ఆదివారాలు నరకంలా ఉంటాయి, చాలామంది అక్కడే వదిలేస్తారు. పైగా ఎనిమిది నెలలుగా పాతుకుపోయిన దొర్లే అలవాటును ఇది పూర్తిగా పెకలించకపోవచ్చు.

రెండోది గట్టి దారి. వారానికి మూడు రాత్రులు చొప్పున మూడు నెలలు దాటిన నిద్రలేమికి సీబీటీ-ఐ అనే చికిత్స ఉంది, మందులు లేకుండా నిద్ర చుట్టూ ఉన్న అలవాట్లనూ ఆలోచనలనూ మార్చేది. మందులకంటే ముందు దీన్నే వాడాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ 2016లో సిఫారసు చేసింది. ఆరేడు విడతలు ఉంటుంది, శిక్షణ పొందిన మానసిక నిపుణులు చేయిస్తారు. ఆన్‌లైన్‌లోనూ ఉంది. దాని గుండెకాయ ఇలా పనిచేస్తుంది: రెండు వారాలు డైరీ రాసి సగటు నిద్ర తేల్చాలి. మీరిచ్చిన అంకెల ప్రకారం ఆరు రాత్రులు ఐదేసి గంటలు, ఒక రాత్రి ఎనిమిదిన్నర, సగటు ఐదున్నర. పక్క మీద మామూలు రోజుల్లో గడిపేది ఎనిమిదిన్నర గంటలు, అందులో నిద్ర ఐదు, అంటే 59 శాతం. ఆరోగ్యంగా ఉన్నవారికి 85 దాటుతుంది. సగటుకు అరగంట కలిపి ఆరు గంటలే పక్కకు కేటాయిస్తారు: పన్నెండున్నర నుంచి ఆరున్నర. అంతకుముందు పక్క ఎక్కకూడదు, పగలు కునుకు కూడా వద్దు. పడుకున్నాక ఇరవై నిమిషాలైనా, గడియారం చూడకుండా అంచనాతోనే, నిద్ర రాకపోతే లేచి వేరే చోట చిన్న వెలుగులో కూర్చుని, కళ్ళు వాలినప్పుడే తిరిగి రావాలి. అలసట వేరు, నిద్ర రావడం వేరు. ఆవులింత, రెప్పలు బరువెక్కడం, చదివిన వాక్యమే మళ్ళీ చదవడం, ఇవి గుర్తులు. ఒక వారం 85 శాతం దాటితే పడుకునే వేళను పావుగంట ముందుకు, 12.15కు జరుపుతారు. 80 కంటే తగ్గితే పావుగంట కోస్తారు. ఐదు గంటలకంటే మాత్రం ఎప్పుడూ తగ్గించరు.

మొదటి రెండు వారాలు పగటిపూట మత్తుగా ఉంటుంది, ఆ రోజుల్లో దూరాలు బండి నడపకండి. మూర్ఛ ఉన్నవారు, నిద్రలో నడిచేవారు డాక్టరు లేకుండా దీని జోలికి పోకూడదు. ఇంకో ప్రశ్న మరీ ముఖ్యం: ఎప్పుడైనా వరసగా కొన్ని రోజులు మూడు గంటల నిద్రతోనే విపరీతమైన హుషారు, ఆగని మాటలు, ఎడాపెడా ఖర్చు, ఇలాంటివి మీకు జరిగాయా? ఇంట్లో దగ్గరివారికి బైపోలార్, అంటే ఇలాంటి హుషారు దశలూ కుంగుబాటు దశలూ మారిమారి వచ్చే జబ్బు, ఉందా? ఉంటే నిద్ర కోయడం ఉన్మాద దశను రేపగలదు. మానసిక వైద్యుణ్ణి కలిశాకే ఏదైనా. అలాంటివారికి వేళలు స్థిరపరచడమే సరైన మార్గం. అమెరికాలో ఎలెన్ ఫ్రాంక్ రూపొందించిన చికిత్స దానిమీదే నిలబడింది. పక్క దిగడం, మరో మనిషితో తొలి పలకరింపు, పని మొదలుపెట్టడం, రాత్రి భోజనం, పక్క ఎక్కడం: ఈ ఐదింటి వేళలు రోజూ రాసి, తేడాలు తగ్గిస్తూ పోవడం. ఐదింటిలో ఒకటి పలకరింపు అన్నది గమనించండి. ఒంటి గడియారానికి వెలుగుతో పాటు మనుషులు కూడా ఆనవాలే. ఫోన్లు ఎత్తడం మానేసిన మీకు ఇది బైపోలార్ లేకపోయినా పనికొస్తుంది. రోజూ దాదాపు ఒకే వేళకు, పదకొండింటికి అనుకోండి, ఒక్క స్నేహితురాలితో పది నిమిషాలు. మీరు కాస్త తేలిగ్గా ఉండే వేళకే పిలవమనండి. ‘రాను’ అనే మెసేజ్‌లు రాత్రి పంపకండి, మర్నాడు పగలు నిర్ణయించుకోండి.

ఈ గట్టి దారి మీ ఇంట్లో ఎక్కడ తగులుకుంటుందో ముందే చెప్పాలి. పన్నెండున్నర దాకా మీరు పక్క ఎక్కకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. ఇరవై నిమిషాలకోసారి లేస్తే ఆయన ఉలిక్కిపడతారు. కాగితం మీద అన్నీ సరిగా ఉండి, ఇంట్లోవాళ్ళకు చెప్పకపోవడం వల్లనే ఇలాంటివి చెడతాయి. అందుకే మొదలుపెట్టే ముందు ఇద్దరికీ ‘ఇది చికిత్స, ఆరు వారాలు’ అని గడువుతో సహా చెప్పండి. గడువున్న వింతను ఇంట్లోవాళ్ళు ఓర్చుకుంటారు. ముందుగదిలో ఒక కుర్చీ, దుప్పటి, చిన్న దీపం, ఉత్కంఠ లేని పుస్తకం సాయంత్రమే సిద్ధంగా పెట్టుకోండి.

ఇంకోటి మీరే తేల్చుకోవాలి. పది నుంచి ఒంటిగంటన్నర దాకా చీకట్లో ఫోను చూడటం నిద్ర రాకనా, లేక రోజు మొత్తంలో ఎవరూ ఏమీ అడగని సమయం అదొక్కటే కాబట్టా? ఫోను వెలుగు మీద జనం వేసే నింద కాస్త ఎక్కువ, దానిలో మనం చూసేదే మనల్ని మేలుకొల్పుతుంది. రెండోదే మీ జవాబైతే ఫోను లాక్కున్నందువల్ల లాభం లేదు, మీకు దక్కాల్సిన ఏకాంతం దక్కాలి. గట్టి దారిలో ఒక సుఖం ఉంది. పది నుంచి పన్నెండున్నర దాకా రెండున్నర గంటలు మీవే, దుప్పటి కింద దాక్కోకుండా, ముందుగదిలో దర్జాగా.

మూడోది పక్కల ఏర్పాటు. తప్పొప్పుల ప్రశ్న కాదిది. జంటల కదలికలను కొలిచిన 1994 నాటి అధ్యయనంలో తోడు ఉన్నప్పుడు కదలికలు పెరిగాయి, అయినా ఎక్కువమంది తోడుంటేనే బాగా నిద్రపడుతుందన్నారు. 12 జంటల మీద 2020లో వచ్చిన చిన్న అధ్యయనంలో కలిసి పడుకున్న రాత్రుల్లో కలలు వచ్చే నిద్ర కొంత పెరిగింది. అంటే ఆయన నొచ్చుకోవడంలో అర్థం ఉంది, మీ ఇబ్బందిలోనూ ఉంది. అందుబాటులో ఉన్నవి: ఒకే మంచం మీద విడి పరుపులు, విడి దుప్పట్లు. కదలికలు తగ్గుతాయి, గురక తగ్గదు. ఇయర్‌ప్లగ్‌లు కొంత ఆపుతాయి, పాప పిలిస్తే ఆయన లేవాలన్న ఒప్పందం అవసరం. వారంలో నాలుగు రాత్రులు విడిగా, మూడు కలిసి. ఇందులో మీకు నిద్ర బాగుపడుతుంది, కానీ రాత్రి ఊపిరి ఆగడాన్ని గమనించే మనిషి ఉండరు, అందుకే ఆయన పరీక్ష పూర్తయ్యాకే. అసలు ఆ పరీక్షలో జబ్బు తేలి, మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గాలి దారి మూసుకుపోకుండా ఉంచే సిపాప్ యంత్రం వాడితే గురకే పోవచ్చు, అప్పుడు ఈ చర్చ అక్కర్లేకపోవచ్చు. ఏది ఎంచుకున్నా, తొమ్మిదిన్నర నుంచి పది దాకా ఆయన పక్కన ఉండండి, నిద్ర కోసం కాదు, మాటలు, దగ్గరితనం అన్నీ అప్పుడే. ఆయన కళ్ళు మూయగానే మీరు లేచి వెళ్ళండి. ఆయనకు కావలసింది ఆ అరగంటే అయి ఉండవచ్చు. ఆ తర్వాత మీరు ఎక్కడున్నారో నిద్రలో ఉన్నవారికి తెలియదు.

నా మొగ్గు చెప్పాలంటే: ఆయన పరీక్ష ముందు, దాంతోపాటే మొదటి దారి, మూడు వారాలకు మార్పు లేకపోతే రెండోది. మీ ఇల్లు మీకు తెలుసు, వరస మార్చుకోవచ్చు.

మాత్ర మాత్రం వద్దు. పేరు రాయలేదు గానీ, ఒకరికి రాసిన నిద్రమాత్ర ఇంకొకరు మింగడంలో తెలియనివి చాలా. బెంజోడయాజెపైన్ జాతి అయితే కొన్ని వారాల్లోనే అలవాటు పడుతుంది, ఒక్కసారిగా ఆపితే నిద్రలేమి ముందుకంటే ఎక్కువై తిరగబడుతుంది. జోల్పిడెమ్ వంటివాటితో నిద్రలోనే నడవడం, బండి నడపడం జరిగిన సందర్భాలున్నాయి, 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వాటికి అత్యంత తీవ్రమైన హెచ్చరిక జోడించింది. డాక్టరు మిమ్మల్ని చూసి, కొద్ది రోజులకని రాస్తే అది వేరు. మెలటోనిన్ గురించి వింటారు. అది మత్తు ఇచ్చే మందు కాదు, గడియారానికి సంకేతం. పడుకునే ముందు పెద్ద మోతాదు మింగడంకంటే కొన్ని గంటల ముందు తక్కువ మోతాదు గడియారాన్ని బాగా జరుపుతుంది. వేళ తప్పితే ఉల్టా పనిచేస్తుంది కాబట్టి అదీ అడిగే వాడాలి.

అత్తగారితో వాదించి ఆమె అభిప్రాయం మార్చాలని చూడకండి, అది ఆరు వారాల పని కాదు. ఆదివారం ఏడున్నరకు లేవడం మొదలయ్యాక ఆ మాటకు సందు ఉండదు. ఈలోగా ఆ మాట వినబడినప్పుడు జవాబు చెప్పాల్సింది మీరు కాదు, ఆమె కొడుకు. ‘అమ్మా, తనకు నిద్ర జబ్బు, చికిత్స జరుగుతోంది’ అన్న ఒక్క వాక్యం ఆయన నోట రావాలి. అది ముందే మాట్లాడి పెట్టుకోండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు రెండు వారాల డైరీ తీసుకెళ్ళండి: పక్క ఎక్కిన వేళ, నిద్రపట్టిందని అనుకున్న వేళ, ఎన్నిసార్లు మెలకువ, లేచిన వేళ, కాఫీలు, పగటి కునుకులు, రోజుకోసారి మనసుకు పదికి ఇన్ని మార్కులు. డైరీ పొద్దున్నే నింపండి, రాత్రి గడియారం చూస్తూ కాదు. ఊరికే ‘నిద్ర పట్టడం లేదు’ అంటే మాత్రల చీటీ చేతికొచ్చే అవకాశమే ఎక్కువ. ‘పక్క మీద ఎనిమిదిన్నర గంటలు, నిద్ర ఐదు, ఎనిమిది నెలలుగా, ఏడుపు వస్తోంది, సీబీటీ-ఐ చేయించుకోవాలని ఉంది’ అంటే సంభాషణ వేరే చోట మొదలవుతుంది. మొదట్లో నేను ఆగిన ఆ ‘పొద్దున్నే లేవకుండా’ అన్న వాక్యం కూడా చెప్పండి. నోటితో చెప్పలేకపోతే డైరీ మొదటి పేజీలో రాసి చూపించండి.